చక్కెర గిన్నె లేని వైపు

పొరుగు దేశాన్ని తెలుసుకోవాలంటే మామూలు మనుషులు అక్కడికి వెళ్తారు. వెళ్ళలేనివాళ్ళు వెళ్ళొచ్చినవాళ్ళను అడుగుతారు. మా వీధివాళ్ళు మాత్రం, వెళ్ళొచ్చినవాళ్ళతో సహా, డబ్బాల బాబాయిని అడిగేవారు. ఆయన ఎన్నడూ వెళ్ళలేదు.

వెళ్ళడం కష్టమై కాదు. వీధి చివర బస్సెక్కితే, టిక్కెట్టు జేబులో పెట్టుకునేలోపు వంతెన వస్తుంది. వంతెన దిగితే అవతలి దేశం. ఇలాంటి ఊళ్ళలో అందరికీ రెండు భాషలూ వస్తాయి. అవతలివాళ్ళకు మన భాష సరిగా రాదని మనమూ, మనకు వాళ్ళది సరిగా రాదని వాళ్ళూ మర్యాదగా నవ్వుకుంటూ ఉంటాం. చట్టం మాత్రం ఎవరినీ నొప్పించదలచుకోలేదు. రెండు దేశాల్లోనూ అమ్మే ప్రతి డబ్బా మీదా ఒకవైపు మన భాష, మరోవైపు వాళ్ళ భాష ఉండాలనీ, అక్షరాలు రెండువైపులా ఒకే సైజులో ఉండాలనీ శాసించింది. అందువల్ల మా ప్రాంతంలో టీపొడి, సబ్బుపొడి, బిస్కెట్లు, తలనొప్పి మాత్రలు అన్నీ రెండు ముఖాలతోనే పుడతాయి. అవి పుట్టే చోటు మా ఊరి అట్టడబ్బాల కార్ఖానా. అందులో నమూనాల గదిలో, కిటికీ పక్కన వాలుబల్ల ముందు కూర్చునేవాడు బాబాయి.

ఎక్కడ అక్షరాలు రావాలి, ఎక్కడ బొమ్మ పడాలి, ఎక్కడ మడత, ఎక్కడ జిగురు అన్నది తేల్చడం ఆయన పని. మాటలు పైనుంచి వస్తాయి. వాటిని బొమ్మతో సహా డబ్బాలో ఇమిడ్చే బాధ్యత ఈయనది. వాళ్ళ భాష కాస్త బారు. మనం 'చల్లని చోట ఉంచండి' అని ఊరుకునే చోట వాళ్ళు చిన్న ఉపన్యాసం ఇస్తారు. మొదట్లో ఈ పనికి బ్లేడూ, స్కేలూ, జిగురు సీసా ఉండేవి. తర్వాత కంప్యూటరొచ్చింది. ఏది వచ్చినా బాబాయి చెవి మీది పెన్సిలు మాత్రం దిగలేదు.

కార్ఖానాలో ఆయన చూసేది పరిచిన అట్ట. మడత గీతలు, కత్తిరింపు గుర్తులు, తలకిందులుగా ఒక కప్పు. ఇంట్లో చూసేది నిలబడ్డ డబ్బా. పడుకుని చెప్పే మాటకూ లేచి నిలబడి చెప్పే మాటకూ తేడా ఉంటుంది కదా, అట్టకూ అంతే. వంటింటి అలమారలో నిలబడగానే దానికి ఒక అధికారం వచ్చేది. బాబాయి దాన్ని చేతిలోకి తీసుకుని, మన వైపు చూసి, మెల్లగా తిప్పి, వాళ్ళ వైపు చూసి, "ఊఁ" అనేవాడు. ఆ "ఊఁ" లోంచి ఒక సిద్ధాంతం పుట్టేది.

టీ డబ్బా మీద మన వైపు కప్పు, పక్కన చక్కెర గిన్నె, గిన్నెలో చెంచా. వాళ్ళ వైపు కప్పు ఒక్కటే. కాబట్టి అవతల టీలో చక్కెర వేసుకోరు. బిస్కెట్ల డబ్బా మీద మన వైపు పళ్ళెం నిండుగా ఉంటుంది, వాళ్ళ వైపు ఒకే ఒక బిస్కెట్టు గాల్లో వేలాడుతుంది. కాబట్టి వాళ్ళది పొదుపరుల జాతి. సబ్బుపొడి డబ్బా మీద మన వైపు ఒక ముసలావిడ నవ్వుతూ తాడు మీద బట్టలారేస్తూ ఉంటుంది, కాళ్ళ దగ్గర ఒక పిల్లి. వాళ్ళ వైపు చొక్కా ఒక్కటే. కాబట్టి అవతలి ఇళ్ళలో ముసలివాళ్ళుండరు, పిల్లులు కూడా అనుమానమే. ఇక తలనొప్పి మాత్రలు. మన వైపు తల పట్టుకున్న మనిషి భుజం మీద ఎవరిదో ఒక చెయ్యి ఉంటుంది. వాళ్ళ వైపు మనిషి ఒంటరి. "వాళ్ళ తలనొప్పులు ఎవరివి వాళ్ళకే" అని బాబాయి విచారంగా అనేవాడు.

మా వీధి దర్జీ ఒకసారి పని మీద అవతలికి వెళ్తూ సలహా అడిగాడు. చక్కెర వెంట తీసుకెళ్ళమని బాబాయి ఆదేశించాడు. దర్జీ ఒక డబ్బాడు మోసుకెళ్ళి, మూత తియ్యకుండా తిరిగి తెచ్చాడు.

"ఏరా, చక్కెర లేక ఇబ్బంది పడ్డావా?"

"నేనున్న ఇంట్లో ఉంది బాబాయ్."

"కలిగినవాళ్ళై ఉంటారు."

దర్జీ కాస్త ఆలోచించాడు. "మంచం పెద్దదే" అన్నాడు. సిద్ధాంతం చెక్కుచెదరలేదు.

ఆయన భార్యను మేం పిన్ని అంటాం. ఆవిడ ఈ విద్యను భరించిందే గానీ గౌరవించలేదు. "పొరుగింటి పుల్లకూర రుచంటారు. ఈయన లెక్కలో పొరుగింట్లో అసలు కూరే లేదు" అనేది.

ఇలా నిశ్చింతగా సాగుతున్న శాస్త్రానికి ముప్పు ఇంట్లోంచే వచ్చింది. బాబాయికి ఒక్కతే కూతురు. కళ్ళజోళ్ళ దుకాణంలో పని. అవతలి నుంచి లిఫ్టులు బాగుచేసే అబ్బాయి ఒకడు వచ్చి అద్దాలు పెట్టించుకున్నాడు. తర్వాత ఫ్రేము వదులైందని వచ్చాడు. తర్వాత బిగుతైందని వచ్చాడు. ఆ తర్వాత ఫ్రేము ఊసెత్తకుండానే వచ్చాడు.

అమ్మాయి ఒక సాయంత్రం వంటింట్లో సంగతి బయటపెట్టింది.

"అబ్బాయి మంచివాడు నాన్నా. అవతల ఒడ్డు."

బాబాయి లేచి అలమారలోంచి టీ డబ్బా తీశాడు. తిప్పి కూతురి ముందు పెట్టాడు.

"ఏం కనబడుతోంది?"

"కప్పు."

"పక్కన?"

"ఏమీ లేదు."

"ఆ ఏమీ లేని చోటికి పోయి కాపురం చేస్తావా అమ్మా?"

"ఆ పిల్ల చేసుకునేది అబ్బాయిని. టీపొడిని కాదు" అంది పిన్ని పొయ్యి దగ్గర్నుంచి.

"నువ్వుండు. రేపు దీనికి తలనొప్పొస్తే భుజం మీద చెయ్యేసేవాళ్ళెవరు?"

"ఆ చెయ్యి గురించే కదా నాన్నా పెళ్ళి" అంది అమ్మాయి.

దీనికి డబ్బాల్లో జవాబు లేదు. బాబాయి పెన్సిలు చెవి మీంచి తీసి మళ్ళీ పెట్టి, చివరికి ఒక పరీక్ష ప్రతిపాదించాడు. అబ్బాయి తల్లిదండ్రుల్ని పిలుద్దాం. చక్కెర వెయ్యకుండా టీ ఇద్దాం. వాళ్ళు చక్కెర అడిగితే తన విద్య తప్పు, పెళ్ళికి సరే. అడక్కపోతే?

"అడక్కపోతే మీరేమంటారు?" అంది పిన్ని.

"అననక్కర్లేదు. వాళ్ళే చెప్పినట్టు."

అమ్మాయి తెలివైనది. గదిలోకెళ్ళి అబ్బాయికి ఫోన్ చేసింది. "మీవాళ్ళను చక్కెర అడగమని చెప్పు, పని అయిపోతుంది." అటువైపు అబ్బాయి గొంతు తగ్గించి, "మా నాన్న ముందు ఆ మాట ఎత్తకూడదు. ఎందుకని అడక్కు" అన్నాడు. అమ్మాయికి మొదటిసారి భయం వేసింది. తండ్రి చెప్పేది నిజమేమోనన్నది ఆ భయం.

ఆదివారం వచ్చింది. బాబాయి ఇంటిని అవతలివాళ్ళకు అనువుగా తీర్చిదిద్దాడు. బల్ల మీంచి పూలకుండీ తీయించాడు. బిస్కెట్లు పళ్ళేనికొకటి. ఇంట్లో ఒక సమస్య మిగిలింది. ఆ సమస్య బాబాయి తల్లి. ముసలివాళ్ళు అలవాటు లేని మనుషులకు ఆవిణ్ణి ఒక్కసారిగా చూపించడం భావ్యం కాదని ఆయన నిశ్చయించాడు.

"నన్ను పక్కింటికి పంపుతావట్రా?" అంది బామ్మ.

"కాసేపేనమ్మా. బెదిరిపోతారు."

"నన్ను చూసి బెదిరేవాళ్ళు ఇంకా ఉన్నారంటే సంతోషమే. కానీ పక్కింటి టీ నేను తాగను. వెనక గదిలో ఉంటాను పో."

అనుకున్న వేళకు అబ్బాయి, తల్లిదండ్రులు వచ్చారు. తండ్రి నిటారు మనిషి. తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి దిగాడు. ఆయన ఉద్యోగంలోంచి దిగాడు గానీ ఉద్యోగం ఆయనలోంచి దిగలేదు. కూర్చుంటూనే బల్ల మీది బిస్కెట్ల డబ్బా అందుకుని, అడుగున ఉన్న బరువు చదివి, చేత్తో తూచి, తృప్తిగా పెట్టేశాడు. తల్లి మెత్తటి మనిషి, నవ్వు మొహం. అబ్బాయి అమ్మాయికి ఎదురుగా కూర్చుని మాటిమాటికీ కళ్ళజోడు సర్దుకున్నాడు. ఈసారి ఫ్రేము నిజంగానే వదులైనట్టుంది.

టీలు వచ్చాయి. బాబాయి కన్నార్పకుండా చూస్తున్నాడు. ఇన్‌స్పెక్టరుగారు కప్పెత్తి, ఒక గుక్క తాగి, తలూపాడు. ఆవిడ కషాయం మింగినట్టు మింగి, కప్పులోకి ఒకసారి చూసి, ఊరుకుంది. అబ్బాయి అమ్మాయి వైపు చూడకుండా తాగేశాడు. ఎవరూ అడగలేదు.

తన విద్య కళ్ళెదుట ఇంత ఘనంగా రుజువైన రోజు బాబాయి జీవితంలో మరొకటి లేదు. కానీ గెలిచిన మొహం పెట్టుకుని కూతురి వైపు తిరిగాడు గదా, అక్కడ ఓడిన మొహం కనిపించింది. ఆయన గెలుపు సగంలో ఆగిపోయింది.

అంతలో ఇన్‌స్పెక్టరుగారే గొంతు సవరించుకున్నాడు.

"అమ్మాయి విషయంలో మాకు ఏ సందేహమూ లేదండీ. మా భయమల్లా మీ వైపు అలవాట్ల గురించి."

"మా అలవాట్లా?"

"దుబారా. ఏమీ అనుకోకండి. నేను మీ వైపుకు రావడం ఇదే మొదలు. కానీ చదువుతాను."

"ఏం చదువుతారు?"

"డబ్బాలు."

బాబాయి కుర్చీలో ముందుకు జరిగాడు. పుట్టగానే తప్పిపోయిన తమ్ముడు ఎదురుపడ్డా ఆ మొహంలో అంత వెలుగు వచ్చేది కాదు.

"నోటిమాటకు బాధ్యత ఉండదండీ. అచ్చేసిన దానికి ఉంటుంది. ఉద్యోగంలో నేను నేర్చుకున్నది అదే" అని ఇన్‌స్పెక్టరుగారు సాగించాడు. "మీ వైపు ఏ డబ్బా చూసినా ఒకటి ఎక్కువే. కప్పు పక్కన గిన్నె. పళ్ళెం నిండా బిస్కెట్లు. బట్టలారెయ్యడానికి ఒక పెద్దావిడ, ఆవిడకు తోడు పిల్లి. తలనొప్పి వచ్చినా పక్కన ఇంకొకరుండాలి. మావాడిది రెండు గదుల ఇల్లు. ఇంత సరంజామా ఎక్కడ పెడతాడు?"

"నేను చూసిందీ అదేనండీ" అన్నాడు బాబాయి ఉత్సాహంగా. "మీ వైపు ఏ డబ్బా చూసినా ఒకటి తక్కువే. మా పిల్ల అంత ఖాళీలో ఎలా బతుకుతుంది?"

"బతకలేదు" అన్నాడు ఇన్‌స్పెక్టరుగారు.

"బతకలేదు" అన్నాడు బాబాయి.

ఇద్దరూ అన్ని విషయాల్లోనూ ఏకీభవించారు. సంబంధం తప్పిపోవడానికి అంతకన్నా ఏం కావాలి? అమ్మాయి లేచి ఖాళీ కప్పులు తియ్యబోయింది. అబ్బాయి కూడా లేచి ఒక కప్పు అందించాడు. ఇద్దరూ ఆ కప్పును పట్టుకుని నిలబడ్డారు.

"ఒకప్పుడు మేమూ చక్కెర వేసుకునేవాళ్ళమే" అన్నాడు ఇన్‌స్పెక్టరుగారు, పెద్దమనసుతో. "ఒకరోజు కొత్త డబ్బా వచ్చింది. మీ వైపు గిన్నె ఉంది, మా వైపు తీసేశారు. కారణం లేకుండా తియ్యరు కదండీ. మా నీళ్ళకో, మా ఒంటి తత్వానికో పడదని పెద్దలెవరో తేల్చే ఉంటారు. ఆ పూటే మానేశాం."

"ఈయన మానేశారు" అంది ఆవిడ మెల్లగా. "మా చేతా మానిపించారు."

అప్పుడు వెనక గది తలుపు తెరుచుకుంది.

"ఒరేయ్, బెదరడం అయిపోయిందా? నా టీ ఏది?" అంటూ బామ్మ వచ్చింది.

ఇన్‌స్పెక్టరుగారు చూశాడు. లేచి నిలబడ్డాడు. మనిషిని చూసి లేచినట్టు కాదు, ఎప్పట్నుంచో ఎరిగిన మొహం గోడలోంచి నడిచి వచ్చినట్టు లేచాడు.

"మీరు సబ్బుపొడి..."

"అవును నాయనా. నేనే" అంది బామ్మ, కుర్చీ లాక్కుంటూ. "ఆ తాడు ఇంకా పెరట్లోనే ఉంది. పిల్లే పోయింది."

ఈ సంగతి ఇంట్లోవాళ్ళకు తెలియనిది కాదు. కానీ రోజూ కళ్ళెదుట తిరిగే మొహాన్ని డబ్బా మీద ఎవరు వెతుకుతారు?

"మిమ్మల్ని కంపెనీవాళ్ళు ఎంపిక చేశారా?" అన్నాడు ఇన్‌స్పెక్టరుగారు భక్తిగా.

"కంపెనీ ఎవరు? మావాడే. మన వైపు చోటు మిగిలిందట. ఖాళీగా వదిలితే యజమాని తిడతాడట. పెరట్లోకి రామ్మా ఫొటో తీస్తానన్నాడు. నన్ను పిలిస్తే వచ్చాను, పిల్లి పిలవకుండానే వచ్చింది."

"మరి మా వైపు?"

"మీ వైపు మాటలెక్కువట కదా. నా నడుం దాకా వచ్చేశాయి. 'అమ్మా, నిన్ను తీసేస్తున్నా, ఏమీ అనుకోకు' అన్నాడు. నేనేమీ అనుకోలేదు. పిల్లి సంగతి చెప్పలేను."

ఇన్‌స్పెక్టరుగారు తల తిప్పి బాబాయిని చూశాడు. ఉద్యోగంలో ఉన్నప్పుడు దొంగ తూకపురాళ్ళను అలాగే చూసి ఉంటాడు.

"అయ్యా, ఆ గిన్నె..."

గుమ్మడికాయల దొంగ కథలో భుజాలు తడుముకుంటారు. బాబాయి చెవి తడుముకున్నాడు. అక్కడ పెన్సిలుంది. మనిషి తాను పెట్టినదాన్ని జన్మంతా గుర్తుంచుకుంటాడు, తీసేసినదాన్ని ఆ సాయంత్రమే మరిచిపోతాడు. తల్లిని పెట్టింది ఆయనకు గుర్తుంది. గిన్నెను పెట్టింది గుర్తుంది. వాటిని అవతలి వైపు నుంచి బ్లేడుతో కోసి చెత్తబుట్టలో పడేసిన చెయ్యి కూడా తనదేనని ఇప్పుడిప్పుడే గుర్తొస్తోంది. ఇన్నేళ్ళుగా వీధికి చెప్పిన అవతలి దేశం తన చెత్తబుట్టలోంచి పుట్టినదే.

తప్పించుకోవడానికి దారి లేకపోలేదు. అమ్మ సంగతి వేరు, గిన్నె కంపెనీ నిర్ణయం అంటే సరిపోతుంది. పరువు నిలుస్తుంది. ఎదుటివాళ్ళు లేచి వెళ్ళిపోతారు. బాబాయి కూతురి వైపు చూశాడు. ఆ కప్పును ఇద్దరూ ఇంకా వదల్లేదు.

"నేనే తీశానండీ" అన్నాడు.

"కారణం?"

"మీ 'వేడినీళ్ళలో వేసి మూతపెట్టి' అన్న వాక్యం గిన్నె దాకా వచ్చింది. అక్షరాలు తగ్గించడానికి మీ శాఖ ఒప్పుకోదు."

"ఒప్పుకోం" అన్నాడు ఇన్‌స్పెక్టరుగారు అలవాటుగా. "మరి బిస్కెట్లు?"

"చోటు చాల్లేదు."

"తలనొప్పి మనిషి భుజం మీద చెయ్యి?"

"మోచేతి దాకా ఉంచుదామని చూశాను. భయంకరంగా ఉంది. తీసేశాను."

"అయితే మా నీళ్ళు?"

"మీ నీళ్ళ గురించి నాకేమీ తెలీదండీ" అన్నాడు బాబాయి. మళ్ళీ తనే, "మీ గురించి కూడా" అన్నాడు.

ఇన్‌స్పెక్టరుగారు మెల్లగా కూర్చున్నాడు. "అచ్చేసిన దానికి బాధ్యత ఉంటుందనుకున్నాను."

"ఉందండీ. మీ ఎదురుగా కూర్చుని ఉంది."

అప్పుడు అబ్బాయి తల్లి పిన్ని వైపు తిరిగింది.

"వదినగారూ, చక్కెర ఉందా?"

పిన్ని తలుపు చాటున సిద్ధంగా పెట్టుకున్న గిన్నె తెచ్చి ముందుంచింది. ఇంకో కప్పు పోసింది. ఆవిడ ఒక చెంచా వేసింది. ఇంకొకటి వేసింది. భర్త మొహంలోకి చూస్తూ మూడోది వేసింది. తీరిగ్గా కలిపింది.

"నాన్నా, అడిగారు" అంది అమ్మాయి.

"విన్నాను" అన్నాడు బాబాయి. "సరే అన్నానుగా."

"ఇన్నేళ్ళ చప్పటి టీకి ఎవరు జవాబు చెప్తారో ఇంటికెళ్ళాక చూద్దాం" అంది ఆవిడ భర్తతో. "ముందు పిల్లల సంగతి చెప్పండి."

ఇన్‌స్పెక్టరుగారు బామ్మను చూశాడు, పళ్ళెంలో ఒంటరి బిస్కెట్టును చూశాడు. "మాదేముంది" అన్నాడు. "కాకపోతే ఒక్క షరతు. మా వైపు వాక్యం నేను రాసిస్తాను. కుదించి."

"గిన్నె పడుతుందా?"

"చెంచాతో సహా."

పెళ్ళయింది. ఆ సందర్భంగా బాబాయి మొదటిసారి వంతెన దాటాడు. వియ్యంకుడి వంటింట్లో అలమార ముందు నిలబడి, అలవాటు కొద్దీ టీ డబ్బా వైపు చెయ్యి చాచి, ఆగిపోయాడు. డబ్బాను ఎవరో తిప్పి పెట్టారు. అవతలి దేశపు అలమారలోంచి మన వైపు మొహం చూస్తోంది. దాని పక్కన నిజం గిన్నె, నిండుగా. వియ్యంకుడు మాత్రం చక్కెర లేకుండానే తాగుతున్నాడు. నాలుక మరిచిపోయిందట.

కొత్త డబ్బా వచ్చేందుకు ఇంకా వ్యవధి ఉంది. ఇన్‌స్పెక్టరుగారు కుదించిన వాక్యం మొదటిదానికన్నా రెండు మాటలు పెరిగింది. ఆ విషయమై వియ్యంకులిద్దరూ ప్రతి ఆదివారం పోట్లాడుకుంటున్నారు, ఒక వారం అక్కడా ఒక వారం ఇక్కడా.

బాబాయి కొత్తగా ఏ సిద్ధాంతమూ చెప్పడం లేదు. అయినా పాత అలవాటు ఎక్కడికి పోతుంది? మొన్న దర్జీ వచ్చాడు.

"మా తమ్ముడు అవతలికి పోతున్నాడు బాబాయ్. చక్కెర తీసుకెళ్ళమంటావా?"

బాబాయి పెన్సిలు తీసి, చూసి, మళ్ళీ చెవి మీద పెట్టాడు.

"తీసుకెళ్ళమను" అన్నాడు. "మా వియ్యంకుడింట్లో దింపమను. వియ్యపురాలు పాత బాకీ వసూలు చేసుకుంటోంది, ఎంతున్నా చాలట్లేదు."